నర్సుకి నేను చెప్పిన మాట

రూజ్‌వెల్ట్ అవెన్యూ రైలు వంతెన పక్కన మా దేశంలోని కాన్యార్ నించి వచ్చినవాళ్ళుండే రెండు వీధుల్లోనూ ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనే. నా గొప్ప చెప్పుకోవడం కాదు, ఎవర్నడిగినా ఇదే అంటారు. స్కూలు నుంచి ఉత్తరం వచ్చినా, కరెంటువాడు తలుపు కొట్టినా, ఎవరికైనా కడుపులో నొప్పి వచ్చినా "జోయిలమ్మని పిలవండి" అనేవారు. నేను చేతులు తుడుచుకుని, చెవులకి పోగులు పెట్టుకుని మరీ వెళ్ళేదాన్ని. పధ్నాలుగేళ్ళు మన్‌హాటన్‌లో ఒక డాక్టరమ్మ ఇల్లు తుడుస్తూ, ఆవిడ పెట్టుకునే టీవీ వింటూ నేర్చుకున్న ఇంగ్లీషు అది. ఊరికే వచ్చిందా?

పోయినేడాది జనవరిలో మా తమ్ముడు లిసార్దో పనిలో పడిపోయాడు. బ్రూక్లిన్‌లో ఆరంతస్తుల పాత బిల్డింగు. మెట్ల దారి పైకప్పుకి సిమెంటు పూత వేస్తున్నాడు. నాలుగో అంతస్తు మలుపులో నిచ్చెన వేసి ఎక్కమన్నారు. దాన్ని కట్టడానికి తాడివ్వలేదు, పట్టుకోవడానికి మనిషినీ ఇవ్వలేదు. నిచ్చెన కాలు జారింది. పన్నెండడుగుల ఎత్తునించి పడ్డాడు పిచ్చి వెధవ. నడుం పూస రెండు చోట్ల చిట్లింది, తుంటి విరిగింది. పడుతుండగా చూసినవాళ్ళు లేరు.

నేను ఆస్పత్రికి పరిగెత్తేసరికి వాడు స్ట్రెచర్ మీద పళ్ళు బిగించి ఉన్నాడు. నర్సు కాగితాలు పట్టుకొచ్చి, ఎలా జరిగిందని అడిగింది. "ఎస్కలేరా మీంచి పడ్డానక్కా" అన్నాడు వాడు.

"స్టెయిర్స్, హీ ఫాల్ ఫ్రమ్ స్టెయిర్స్" అన్నాను నేను, తడుముకోకుండా.

మా స్పానిష్‌లో మెట్లకీ నిచ్చెనకీ ఒకటే మాట. రెండూ ఎస్కలేరాయే. ఏది అన్నదీ మాట్లాడే సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. తమ్ముడు నిచ్చెన మీంచి పడ్డాడని నాకూ తెలుసు, దారిలోనే ఫోన్లో చెప్పారు. కానీ ఎస్కలేరాకి నా దగ్గరున్న ఇంగ్లీషు మాట ఒక్కటే. డాక్టరమ్మ ఇంట్లో మెట్లు తుడిచాను గానీ నిచ్చెన ఎప్పుడెక్కాను? నర్సు రాసుకుని, నాకేసి చూసి, "థాంక్యూ మేడం" అని నవ్వింది. తమ్ముడు అలా పడి ఉంటే నాకు లోపల చిన్న గర్వం కలిగింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ కలిగింది.

మా చర్చి హాలులో కూలీల కోసం వారానికోసారి కూర్చునే లాయరమ్మ ఉంది. సెలెస్తే అని ప్యూర్టోరికో పిల్ల. నేను, మా మరదలు నర్సీసా వెళ్ళి కలిశాం.

"రెండు దారులున్నాయమ్మా" అంది సెలెస్తే. "మొదటిది, పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు ఇన్సూరెన్సు. తప్పు ఎవరిదైనా సరే, మందుల ఖర్చూ జీతంలో కొంతా వస్తాయి. అది తీసుకుంటే కాంట్రాక్టరు మీద దావా వేయలేం. కానీ బిల్డింగు యజమాని మీదా, పని మొత్తం తీసుకున్న పెద్ద కంపెనీ మీదా వేయొచ్చు, అది రెండోది. ఎత్తులో పనిచేసేవాడికి గట్టి నిచ్చెన ఇవ్వకపోతే వాళ్ళే జవాబు చెప్పాలని ఈ రాష్ట్రంలో చట్టముంది."

"మా ఆయనకి ఈ దేశంలో ఉండే కాగితాల్లేవు కదమ్మా" అని గొణిగింది నర్సీసా.

"కాగితాల్లేవని ఈ హక్కు పోదు. భయపడకు."

మొదటి దారి తొందరగానే తెరుచుకుంది. వారం వారం కొంత వచ్చేది, ఆపరేషనూ అయింది. కానీ లిసార్దో ఇంక సిమెంటు బకెట్ ఎత్తలేడని డాక్టర్లు తేల్చేశారు. వాడికి ముప్పై నాలుగేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళ బతుకు ఆ రెండో దారి మీదే నిలబడింది. సెలెస్తే దావా వేసింది.

ఎనిమిది నెలలకి సెలెస్తే మమ్మల్ని పిలిచి ఆస్పత్రి కాగితం బల్లమీద పెట్టింది.

"యజమాని తరఫువాళ్ళు దీన్ని పట్టుకున్నారు. మెట్ల మీంచి పడ్డాడు, అక్క చెప్పింది, అని రాసుంది. అక్కడ మెట్లూ ఉన్నాయి, నిచ్చెనా ఉంది. మెట్లు దిగుతూ కాలు జారాడు, నిచ్చెన ముందునించీ గోడవారనే పడుంది అంటున్నారు. మెట్ల మీద జారితే మన చట్టం వర్తించదు."

నర్సీసా నావైపు చూసింది. లిసార్దో బల్లవైపు చూశాడు. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"నేను సరిగ్గానే చెప్పాను. ఆ నర్సే తప్పు రాసుకుంది."

అంతే. ఇంటికొచ్చి ఫోన్లో వెతికి, నిచ్చెనని ఇంగ్లీషులో లాడర్ అంటారని చూసి, అద్దం ముందు పదిసార్లు పలికాను. మర్నాటికి వీధి వీధంతా నర్సుని తిట్టిపోసింది. "జోయిలమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకోవడానికి ఏం రోగం దానికి?" అని మా పక్కింటి క్లోతిల్దే ఊగిపోయింది. ఆవిడ కంటి ఆపరేషన్‌కి డాక్టరుతో మాట్లాడింది నేనే. నేను తలూపి ఊరుకున్నాను.

మార్చిలో నాకు పిలుపొచ్చింది. ఆ మాట నర్సుకి చేరవేసింది నేను కాబట్టి నన్నే అడుగుతారట. ప్రమాణం చేయించి, రెండువైపుల లాయర్ల ముందు వాంగ్మూలం.

"ఏం జరిగిందో అదే చెప్పండి, ఇంకేం వద్దు" అంది సెలెస్తే. "నర్సునీ పిలుస్తారు. ఆ మాటని ఆమె కొటేషన్ గుర్తుల్లో పెట్టి రాసుకుంది. మీరొకటీ ఆమొకటీ చెబితే, మీ తమ్ముడు చెప్పేదీ అబద్ధమే అంటారు."

ఆ ఆదివారం తమ్ముడి ఇంటికి ఉడికించిన మొక్కజొన్న, పంది మాంసం పట్టుకెళ్ళాను. నర్సీసా గిన్నె అందుకుని మొహం తిప్పుకుంది. లిసార్దో నడుంకి బెల్టు బిగించుకుని గోడకానుకుని కూర్చున్నాడు.

"వదినా, ఒక్కటడుగుతాను, కోప్పడకు" అంది నర్సీసా. "నిజంగా నర్సే తప్పు రాసిందా?"

"నామీదే అనుమానమా? నీ కాన్పుకి పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ డాక్టర్లతో నోరు నొప్పెట్టేలా మాట్లాడిందెవరే?"

"నువ్వే. అందుకే అడుగుతున్నా."

"ఆపవే" అన్నాడు లిసార్దో. "అక్కా, నీకు ఇబ్బందైతే వదిలేద్దాం. వారం వారం వచ్చేది చాలు. ఎలాగోలా లాక్కొస్తాం."

"చాలా? ఏం చాలురా? ఇద్దరు పిల్లల్ని ఎలా లాక్కొస్తావు, ఈ నడుంతోనా?" అని అరిచాను. అరిచింది వాడిమీద కాదని మా ముగ్గురికీ తెలుసు.

వాంగ్మూలం నాడు పోగులు పెట్టుకున్నాను. పన్నెండో అంతస్తులో అద్దాల గది. ఒక పక్క సెలెస్తే, ఆమె వెనక కర్ర పట్టుకుని తమ్ముడు. ఎదురుగా యజమాని తరఫు లాయరు, తలంతా నెరిసిన పెద్దమనిషి. మూల ఒకమ్మాయి ప్రతి మాటా టైపు కొడుతోంది. నా పక్కన దుబాసీ కుర్రాడిని కూర్చోబెట్టారు. ఏళ్ళ తరబడి నేను కూర్చున్న కుర్చీ అది. అందులో ఇంకొకణ్ణి చూస్తే కడుపు మండింది.

పెద్దమనిషి నాతో ఇంగ్లీషులోనే మొదలుపెట్టాడు, మెల్లిగా, నవ్వుతూ. మీ చుట్టుపక్కల అందరికీ మీరే సాయం చేస్తారని విన్నాను, మీ ఇంగ్లీషు చాలా బావుంటుందట, అసలు మనకి ఈ కుర్రాడు అవసరమా, అన్నాడు.

నాకంతా అర్థమైంది. ఇన్నేళ్ళూ అలాంటి సూటువాడు ఒక్కడైనా ఆ మాట అంటాడా అని ఎంత ఎదురుచూశానో దేవుడికే తెలుసు. డాక్టరమ్మ కూడా ఏనాడూ అనలేదు. థాంక్యూ సర్ అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. తమ్ముడివైపు చూశాను. వాడు కూర్చోలేక కర్ర మీద బరువు వేసి, ఒక తుంటి మీంచి ఇంకో తుంటి మీదికి మారుతున్నాడు.

దుబాసీ కుర్రాడివైపు తిరిగాను. "బాబూ, ఆయనతో చెప్పు. నాకు ఇంగ్లీషు రాదు."

పెద్దమనిషి నవ్వు కొంచెం తగ్గింది. "ఆ రోజు నర్సుకి మీరు ఏ మాట చెప్పారు?"

"స్టెయిర్స్ అని చెప్పాను. ఆమె సరిగ్గానే రాసుకుంది. తప్పు చెప్పింది నేను. మా తమ్ముడు ఎస్కలేరా అన్నాడు. నిచ్చెననే అన్నాడు. నిచ్చెనకి ఇంగ్లీషులో వేరే మాట ఉందని నాకు తెలీదు."

"ఇప్పుడు తెలుసా?"

"తెలుసు. ఈ కాగితం బయటపడ్డాక నేర్చుకున్నాను. నర్సు మీదికి నెట్టేయడానికి నేర్చుకున్నాను. అదీ రాసుకోమనండి."

టైపు కొట్టే అమ్మాయి ఒక్క క్షణం తలెత్తి, మళ్ళీ కొట్టుకుంది.

"ఇలా ఎంతమందికి మాట్లాడారు మీరు?"

"లెక్కలేదు."

"డాక్టర్లతో కూడానా?"

"డాక్టర్లతో కూడా."

"వాళ్ళందరికీ సరిగ్గానే చెప్పారా?"

క్లోతిల్దే కన్ను గుర్తొచ్చింది. నర్సీసా కాన్పు గుర్తొచ్చింది. జ్వరమొచ్చిన ఎవరి పిల్లకో ఎన్ని చుక్కల మందు వేయమన్నానో గుర్తొచ్చింది. కుర్చీలోంచి లేచి పారిపోదామనిపించింది.

"తెలీదు బాబూ" అన్నాను. "ఇంటింటికీ వెళ్ళి అడగాలి."

ఆయన ఇంకో గంట సేపు ఏవేవో అడిగాడు. బయటికొచ్చాక సెలెస్తే నా రెండు చేతులూ పట్టుకుంది. "ఇవాళ్టితో ఆ కాగితానికి బలం పోయిందమ్మా. నిచ్చెన నిచ్చెనే అయింది. ఇంక మంగళవారం మీ తమ్ముడి వాంగ్మూలం ఒక్కటే" అని చెప్పి లోపలికెళ్ళింది.

నేనూ తమ్ముడూ లిఫ్ట్ దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. వాణ్ణి చూడ్డానికి నాకు మొహం చెల్లలేదు.

"తప్పంతా నాదేరా. నీకు ముందే చెప్పి ఉండాల్సింది" అన్నాను.

"నాకు తెలుసక్కా."

"ఎవరు చెప్పారు, నర్సీసానా?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వన్నప్పుడే విన్నాను." వాడు కర్ర చివరతో నేలమీద రాస్తున్నాడు. "లాడర్ అనాలి. సైటులో రోజుకి వందసార్లు అదే అరుస్తారు, లాడర్ తే, లాడర్ జరుపు అని. నాకొచ్చిన ఇంగ్లీషే అది."

అప్పుడు వాడివైపు తిరిగాను. "విని కూడా నోరు మూసుకున్నావా? చచ్చేంత నొప్పిలో ఉండి, కాదక్కా అని ఒక్క మాట అనలేకపోయావా?"

"ఇంత దూరం వస్తుందని నాకేం తెలుసు? ఆ నర్సు నిన్ను మేడం అంది" అన్నాడు లిసార్దో. "ఈ దేశంలో నిన్నొకళ్ళు మేడం అనడం నేను వినలేదెప్పుడూ. నువ్వెంత బాగా మాట్లాడుతున్నావో. మధ్యలో నేనెందుకులే అనుకున్నాను."

నడుం చిట్లి స్ట్రెచర్ మీద పడున్నవాడు నా మర్యాద కాపాడాడు. పధ్నాలుగు నెలలుగా కాపాడుతూనే ఉన్నాడు. నేను నర్సుని తిడుతుంటే తల వంచుకుని విన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఆ బెంచీ మీదే ఏడ్చాను, అటూ ఇటూ సూట్లవాళ్ళు వెళ్తూ చూస్తున్నా పట్టించుకోలేదు.

"మంగళవారం నిన్ను అడుగుతారు" అన్నాను చివరికి, వాడి చొక్కా భుజం దగ్గర పట్టుకుని. "విన్నావా అంటే విన్నానను. తప్పని తెలుసా అంటే తెలుసను. ఎందుకు చెప్పలేదంటే ఇప్పుడు నాతో అన్నదే అను. నన్ను చూడకు, నేను గదిలో ఉన్నా నావైపు చూడకు."

"అందరి ముందూనా?" అన్నాడు వాడు.

"అందరి ముందూనే" అన్నాను.