గోడలో ఒంటి వేడి

గోడ లోపల ఎవరో ఉన్నారు, బతికే ఉన్నారు, అనుకుంది ఆమె, చేతిలోని వేడి కెమెరా తెర మీద చలికి నీలంగా మారిన ఉత్తరపు గోడ నడుమ, ముడుచుకుని కూర్చున్న మనిషంత మేర పసుప్పచ్చగా వెలుగుతుంటే, ఛ, మనిషేమిటి, మతి గానీ పోయిందా నాకు, రెండు వరసల ఇటుకల మధ్య బెత్తెడు సందు, అందులో మనిషెలా పడతాడు, కెమెరా దించి ఉత్త కళ్ళతో చూసింది, కొత్త సున్నం వాసన కొడుతూ తెల్లటి గోడ ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది, మళ్ళీ ఎత్తింది, మళ్ళీ అదే పసుపు, ఇటుక దాటి, ప్లాస్టరు దాటి ఇంత వేడి పైకి తేలిందంటే లోపల ఎంతుండాలి, అలవాటుగా వేళ్ళ మీద లెక్క కట్టింది, ఒంటి వేడి, జ్వరం లేని మనిషి ఒంటి వేడి, ఇంకా ఎవరూ కాపురముండని భవనం, హీటర్లు ఒక్కసారైనా వెయ్యని గదులు, వచ్చేవారం ఇదే గదిలో ఒకటో తరగతి పిల్లలు ఈ గోడకే వీపులానించి కూర్చుంటారు, వైరు కాలుతోందా, అదే అయ్యుండాలి, అదైతే ఎంత బాగుణ్ణు, వైరుదైతే ఒక్క పూట పని, వైరు కాకపోతే ఇంకేదో దూరింది, అంటే ఆ సందులో వేడి దాటకుండా నింపాల్సిన నురుగు లేదన్నమాట, నురుగు లేకపోతే నా థీసిస్ లేదు.

ఎందుకంటే అందులో ఆమె చెప్పేదంతా ఆ నురుగు లాంటి వాటి గురించే, కాగితం మీద గీసిన భవనం ఇంత కరెంటు చాలంటుంది, కట్టాక రెండింతలు తాగుతుంది, ఆ పోయేదంతా ఎక్కడ పోతోంది అంటే పని నడిపించే మనిషి చేతిలో పోతోంది, కిటికీ చుట్టూ సందు పూడ్చడం మర్చిపోతే, మబ్బు పట్టిందని ఆదరాబాదరాగా గోడ మూసేస్తే, ఆ ఒక్క పూట కంగారుకి భవనం తన జీవితమంతా కరెంటు తాగుతూనే ఉంటుంది, పనిని సరిగ్గా నడిపితే ఎలా ఉంటుందో చూడండి అని ఆమె వేలు పెట్టి చూపించబోయేది ఈ బడిని, సైటు మేనేజరుగా బాబాయి కట్టించిన బడిని, గీసిన గీతకి ఒక్క ఇటుక పక్కకి జరగని బడిని, సొంత బాబాయి కట్టడాన్నే నమూనాగా తీసుకుంటావా అమ్మా, రేపెవరైనా వేలెత్తి చూపిస్తే ఏం చెబుతావ్ అని ప్రొఫెసర్ గారు మొదట్లోనే నవ్వారు, చూపించనివ్వండి సార్, వాళ్ళకి వేలు నొప్పే మిగులుతుంది అంది, ఎంత పొగరుగా అంది, ఇప్పుడు ఆయన, బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చే పరీక్షకుడు, ఇద్దరూ మధ్యాహ్నానికి ఇక్కడుంటారు, ఫోను చేస్తే ప్రొఫెసర్ గారు నవ్వలేదు, లోపలేముందో తెలియని గోడని పరీక్షకుడికెలా చూపిస్తావ్, పగలగొట్టించు, నురుగు పొయ్యలేదని తేలితే పొయ్యనివాడెవడో పేరు కనుక్కో, అలాంటివాణ్ణి ఇంకే సైటులోకీ రానివ్వకూడదు అన్నారు, అలాగే సార్ అంది.

కరెంటు మేస్త్రి మెట్ల కింద టీ తాగుతున్నవాడల్లా వచ్చి, ప్రొఫెసర్ గారన్నది ఆమె నోట విని, గోడని పైనుంచి కింది దాకా చూసి, నా వైరా, నా వైరు ఆ మూల స్విచ్చు దగ్గరే ఆగిపోయింది తల్లీ, ఇంత దూరం రావాలంటే దానికి కాళ్ళు మొలవాలి, అన్నాడు, మెయిన్ స్విచ్చు కట్టేశాడు, ఆమె తెర వంక చూసింది, అక్కడి పసుపు రవ్వంతైనా చెదరలేదు, నీకా అనుమానమేమన్నా ఉంటే మీటరు తెచ్చి చూపిస్తా, మచ్చ మాత్రం నా మీద వెయ్యకు, నేనయితే ఇది నురుగు మేస్త్రి నిర్వాకమే అంటాను, ఫోను మాట్లాడుకుంటూ ఒక గది ఎగ్గొట్టేసి ఉంటాడు, ముగ్గురు పిల్లల తండ్రి, పాపం, వాడి పని అయిపోయినట్టే, అంటూనే ఉలి తీసి సుత్తి చేతిలోకి తీసుకున్నాడు, ఎక్కడ కొట్టమంటావు చెప్పు, ఉండండి మావయ్యా, ఒక్క నిమిషం, ఎందుకు ఉండమందో ఆమెకే తెలీదు, వేడి మీద చెయ్యి పెట్టి చూడాలనిపించింది అంతే, అరచెయ్యి పెట్టింది, ఆ తర్వాత చెంప ఆనించింది, ఆ తర్వాత చెవి.

గోడ పాడుతోంది, కాదు, పాట కాదు, దూరంగా ఎక్కడో పెద్ద యంత్రం ఆగకుండా తిరుగుతున్నట్టు, నిద్రపోతున్న పిల్లి డొక్క మీద చెవి పెడితే వినిపించే గుర్రులాంటిదేదో, సన్నగా, నిండుగా, పళ్ళ చిగుళ్ళలోకి పాకుతోంది, ఉలి కింద పెట్టండి మావయ్యా అంది, గుసగుసగా ఎందుకంటుందో తెలియకుండానే, ఇద్దరూ బయటికి పరిగెత్తి గోడ వెనక్కి వెళ్ళారు, ఇటుకల మధ్య తేమ పోవడానికి వదిలిన చిటికెన వేలంత బెజ్జం, ఎదుటి చెట్ల మీద అప్పుడే పడుతున్న ఎండ, ఆ ఎండలోంచి ఒకటి వచ్చి బెజ్జం అంచున వాలి లోపలికి నడిచింది, దాని వెనక ఇంకొకటి, కాళ్ళకి పసుప్పచ్చ పుప్పొడి మూటలు, లోపల్నుంచి ఒకటి బయటికొచ్చి వచ్చేవాళ్ళకి దారిచ్చినట్టు పక్కకి తప్పుకుని ఎగిరిపోయింది, తేనెటీగలే, ఓరి నాయనో, అన్నాడు కరెంటు మేస్త్రి, చేతిలో సుత్తిని వీపు వెనక్కి దాచుకుంటూ.

ఒంటి వేడి అనుకున్నాను, నిజంగా ఒంటి వేడే, ఎప్పుడో చదివింది, పిల్లపురుగులున్న పట్టుని అవి మన ఒంటి వేడి దగ్గరే నిలబెడతాయని, చలేస్తే రెక్కలు కదలకుండా ఒళ్ళు వణికించి వేడి పుట్టిస్తాయని, ఎండ ముదిరితే నీళ్ళు తెచ్చి చల్లి రెక్కలతో విసురుతాయని, చదివి పేజీ తిప్పేసింది, ఇప్పుడు ఆ పేజీ గోడ అయి ఎదురుగా నిలబడింది, ఒక్క మీటరు లేదు, స్విచ్చు లేదు, చెప్పే మేనేజరు లేడు, పూలలోంచి గోరంత తెచ్చుకుని దాంతోనే చలికాలమంతా ఇల్లు కాచుకుంటున్నాయి, అప్పుడు గుర్తొచ్చింది, ఈ గోడకి తనే పెట్టిన వేడి కొలిచే పరికరం, మిగతా గోడలవి పగలు లేచి రాత్రి పడుతూ ఊపిరి తీస్తున్నట్టు గీతలు గీస్తే, దీనిది మాత్రం నెలల తరబడి దాదాపు తిన్నని గీత, పరికరం చచ్చింది, తీసిపారేద్దాం అంది తను, తీసెయ్ అన్నారు ప్రొఫెసర్ గారు, ఇంత నిలకడ ఏ భవనంలోనూ ఉండదమ్మా అని, ఉంది సార్, మనం చచ్చిందని తీసేసిన గీతే ఈ బడిలో బతికున్న ఒకే ఒక్క గీత, బయట ఎండ నీడ మారుతుంటే పంతం పట్టి నిలబడ్డ వేలకొద్దీ ఒళ్ళ గీత, ఇంత పెద్ద సంగతి కళ్ళ ముందే రోజూ పడుతుంటే తప్పుల కింద లెక్కేశాను, సిగ్గేస్తోంది, సిగ్గు వెనకే ఏదో పెద్దది లేస్తోంది, దానికి పేరు తెలీదు, గుడికి వెళ్ళినా ఇంత నోరు కట్టెయ్యలేదు ఎప్పుడూ.

కానీ నురుగు, అన్నది లోపలి గొంతు, నురుగు లేకపోబట్టే గదా అవి వచ్చాయి, ఎవరో ఈ ఒక్క గదికి పొయ్యకుండా మూసేశారు, మూసేసి పోశామన్నారు, మళ్ళీ లోపలికి వస్తుంటే ముందు నడవాలో టక్ టక్ వినిపించింది, బాబాయి, ఆయన ఏ కట్టడంలో నడిచినా పిడికిలి ముడిచి పక్క గోడని తట్టుకుంటూ నడుస్తాడు, బోలుగా పలుకుతోందా నిండుగా పలుకుతోందా అని, ఇంట్లో కూడా అంతే, అల్మరాలని కూడా తట్టి చూస్తావేంటయ్యా అని పిన్ని మొత్తుకుంటుంది, టక్ టక్ గది గుమ్మం దాటింది, తూర్పు గోడ, టక్, మూల, టక్, ఉత్తరపు గోడ దగ్గరికి రాగానే చెయ్యి దానంతట అదే పైకి లేచి జేబులోకి వెళ్ళిపోయింది, చప్పుడు లేకుండా ఆ గోడ పొడుగునా నడిచి, పడమటి గోడ రాగానే మళ్ళీ బయటికి వచ్చింది, టక్, ఆమె గుమ్మంలో నిలబడి అంతా చూసింది, నిద్రపోయే పిల్ల పక్కనించి నడిచినట్టు నడిచాడు, బాబాయి, నువ్వా, అని నోటిదాకా వచ్చింది, రానివ్వలేదు, ఏంటమ్మడూ అలా కొయ్యబారిపోయావ్, పరీక్షకుడంటే భయమా అన్నాడు నవ్వుతూ, కరెంటు మేస్త్రి వెనకనించి, భయమెందుకు సార్, దొంగ దొరికాడు, నురుగు మేస్త్రి ఈ గోడ ఎగ్గొట్టాడు, ప్రొఫెసర్ గారు వాడికి ఇంకెక్కడా పని పుట్టకుండా చేస్తారట అన్నాడు, బాబాయి నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది, ఆమె వంక చూశాడు, ఆమె చేతిలో కెమెరా వంక చూశాడు, తెర మీద పసుపు ఇంకా వెలుగుతోంది, రాస్తావా అన్నాడు, రాయకుండా ఎలా బాబాయ్, లోపల ఏముందో, ఎందుకుందో రాస్తాను, నా నమూనా చెడిపోయినా రాస్తాను, ఇలాంటిది చూసి కూడా రాయకపోతే ఇన్నేళ్ళు నేను భవనాలలో దేన్ని వెతికినట్టు, అంది, అన్నాక తేలికైంది, ఎంతో కాలానికి తేలికైంది, బాబాయి కిటికీ అంచున కూలబడ్డాడు, తల మీంచి హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అయితే నేను చెప్పిందే రాసుకో, అన్నాడు, ఆ మేస్త్రి గొట్టం బెజ్జంలో పెట్టి నా సైగ కోసం నిలబడ్డాడు, ఆపరా అన్నది నేను, నువ్వు పక్క గదికి పో, ఇది నేను చూసుకుంటా అన్నది నేను, వాడు ఎందుకని అడగలేదు, నేనేనాడూ అబద్ధం ఆడలేదు గనక, పోయించానని రాసి సంతకం పెట్టిందీ నేనే, నువ్వు అన్నీ సరిగ్గా ఉన్నాయా బాబాయ్ అని అడిగితే ఉన్నాయి తల్లీ అన్నదీ నేనే, అదొక్కటే గొంతులో ఇరుక్కుంది ఇన్నాళ్ళూ, ఇన్ని భవనాలు కట్టించానా, ఒక్కదాంట్లోనైనా నేను తాళం చెవి ఇవ్వకముందే ఎవరూ వచ్చి కాపురం పెట్టలేదమ్మా, అప్పటికే లోపల చేరిన ఆ తేనెటీగల్ని ఖాళీ చెయ్యమనడానికి నాకు నోరు రాలేదు, నురుగు పోసి పూడ్చమనడానికి చెయ్యి రాలేదు, మీ ప్రొఫెసర్ గారొచ్చాక ఆయన ముందు కూడా ఇదే చెబుతాను, చేసింది నేను, ఆ నురుగు మేస్త్రి కాదు, వాడి పేరు ఎక్కడా రానివ్వకు.