మాస్టారు వదిలేసిన సగం

పక్షవాతం ఏమిటి, నలభై నిండని మనిషికి రావడమేమిటి! వచ్చింది. సెలూన్ మాస్టారంటే చెయ్యి తిరిగిన మనిషి. పేచీకోరు పిల్లలు కూడా ఆయన కుర్చీలో బుద్ధిగా కూర్చునేవారు. అలాంటివాణ్ణి ఆ మాయదారి జబ్బు మంచాన పడేసింది. కొన్నాళ్లకు కాలు కూడదీసుకుంది, మాట తిరిగొచ్చింది. కత్తెర పట్టే కుడిచేతికి మొదటినుంచీ ఏమీ కాలేదు. ఇంకా నన్నెందుకు ఇంట్లో కూర్చోబెడతావని రోజూ భార్య ప్రాణం తోడేసేవాడు.

ఆవిడ ఏమని చెబుతుంది? కంచంలో కుడివైపు అన్నం మాత్రమే తిని, ఇంతే పెట్టావేమని కసురుకుంటే, మారు మాట్లాడకుండా కంచం తిప్పి పెట్టేది. కళ్లు బాగానే ఉన్నాయి, ఎడమవైపనేది ఒకటుందని మెదడే మరిచిపోయింది అన్నాడు డాక్టరు. ఆయనకూ చెప్పాడు. మాస్టారు నవ్వేశాడు.

పోరు పడలేక ఆవిడ ఆయన్ని సెలూన్‌కి తీసుకొచ్చి, ఒక్కసారి కత్తెర పట్టనివ్వమని తన తమ్ముణ్ణి బతిమాలింది. బావ దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు సెలూన్ నడుపుతున్నది అతనే. మొదటి తల నాదే అంటూ తనే కుర్చీలో కూర్చున్నాడు.

మాస్టారు వెనక నిలబడి కత్తెర ఆడించాడు. ఆ చప్పుడు వింటే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. కుడి చెవి చుట్టూ ఎంత నున్నగా తీశాడో! నడినెత్తి దాకా వచ్చి ఆగాడు. మెడ దులిపి, గుడ్డ విప్పి విదిలించి, ఎలా ఉందిరా అన్నాడు.

తమ్ముడు అద్దంలో అక్క వంక చూశాడు. ఎడమ చెవి మీద జుట్టు గుబురుగా అలాగే ఉంది. చాలా బాగుంది బావా అని లేచాడు. పిచ్చి సన్నాసి, ఆ తలతో వీధిలోకి పోవడానికి కూడా సిద్ధపడ్డాడు.

ఆవిడా ఊరుకునేదే. కానీ మాస్టారు అప్పటికే బెంచీ మీద వంతు కోసం చూస్తున్న పెద్దాయన్ని పిలిచి కూర్చోబెట్టాడు. హుషారుగా గడ్డానికి నురుగు రాసి కత్తి తెరిచాడు. ఆవిడ గబుక్కున అడ్డం వచ్చింది.

"ఏవండీ, వాడికి ఎడమవైపు కత్తిరించనేలేదు."

వేళాకోళాలు చాలించమన్నాడు. ఆవిడ కత్తి పక్కన పెట్టించి, ఆయన చెయ్యి తీసుకెళ్లి తమ్ముడి తలమీద ఎడమవైపు ఉంచింది. వేళ్లు జుట్టులో దిగబడ్డాయి. ఆయన అద్దంలోకి చూశాడు. మళ్లీ తడిమాడు. మళ్లీ చూశాడు.

"జుట్టుందని చెయ్యి చెబుతోంది. అయిపోయిందని కళ్లు చెబుతున్నాయి, ఇప్పుడు కూడా. దేన్ని నమ్మి ఒకరి గొంతు దగ్గర కత్తి పెట్టనే?"

పెద్దాయన ముఖం మీద నురుగు ఆరిపోతోంది. తమ్ముడు తల దించుకుని చెయ్యి చాచాడు. మాస్టారు కత్తి తీసి, మడిచి, అతని చేతిలో పెట్టాడు. తర్వాత బెంచీ మీద కూలబడి, అందరూ చూస్తుండగానే భోరుమన్నాడు.