పడవ మోకుతో అయిదు నెలలు

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని కుసుమని చూసి కవిటిలో నవ్వుకున్నారు. నవ్వరూ మరి? యాభై ఏళ్ల మనిషి పొద్దున్నే పెరట్లో కొబ్బరిచెట్టుకి పడవ మోకు చుట్టి, రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని, పాముని కొట్టినట్టు నేలని కొడుతోంటే!

నవ్వేవాళ్లని నవ్వనిచ్చింది. భర్త రామూర్తికి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. రక్తం గ్రూపు కలిసింది కాబట్టి తన కిడ్నీ ఒకటి ఇస్తానంది. విశాఖలో డాక్టరు ఆమెని ఎగాదిగా చూసి, "ఎనభై ఆరు కేజీలుంటే ఆపరేషన్ చెయ్యలేనమ్మా. డెబ్బై రెండుకి దిగి రండి, మిగతా పరీక్షలు అప్పుడు చూద్దాం" అన్నాడు. నడిచి తగ్గుదామంటే మోకాళ్లు అరిగిపోయి ఉన్నాయి.

రామూర్తి మేనల్లుడు అవినాష్ పలాసలో జిమ్ నడుపుతాడు. దారి చూపించింది అతనే.

"గెంతొద్దు, పరిగెత్తొద్దు అత్తా. కాళ్లు ఎడంగా ఎట్టి, మోకాళ్లు కాసింత వంచు. సేతులు ఒకదాని తరవాత ఒకటి ఆడించు. మోకులో లేసిన అల సెట్టుదాకా ఎల్లాల. అర నిమిషం కొట్టు, నిమిషం ఆగు. గుండెకి పని, బుజాలకి పని, మోకాళ్లకి సెలవు."

జాలరిపేట నుంచి పాత మోకు తెచ్చుకుని, కొసలకి గోనెగుడ్డ చుట్టుకుంది. మొదటివారం అల సగం దారిలోనే చచ్చిపోయేది. మూడో నెలకి చెట్టు మొదలు తాకింది. సంతోషం మాత్రం కలగలేదు. భయం, ఆశ, అన్నీ ఎప్పుడో మొద్దుబారిపోయాయి. చేతులు లేచేవి, పడేవి, అంతే.

రామూర్తి మంచం మీద కూర్చుని మోకు దెబ్బలు లెక్కపెట్టేవాడు. రోజుకి కొలిచిన నీళ్లే తాగాల్సిన మనిషి. అందుకని కుసుమ ఎంత దాహమేసినా వంటింటి తలుపు చాటుకి వెళ్లి తాగొచ్చేది.

ఒక సంగతి చెప్పుకోవాలి. ఊరూరా కిడ్నీ జబ్బున్న ఆ చుట్టుపక్కల తన కాళ్లమీద తాను తిరిగే మనిషి రక్తపరీక్ష పేరెత్తడు. నంబరు తెలిసిన రోజునుంచే రోగి అయిపోతానని భయం. ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడల్లా కుసుమ జీడితోటలో పనుందని తప్పుకునేది. గ్రూపు చూడ్డానికి ఒక్క చుక్క ఇచ్చింది, అదీ మొగుడి కోసం.

అయిదో నెలలో డెబ్బై ఒకటిన్నరకి దిగింది. అవినాష్ తోడుగా విశాఖ వెళ్లింది. డాక్టరు బరువు చూసి మెచ్చుకున్నాడు. మర్నాడు రక్తపరీక్ష కాగితాలు చూసి కళ్లద్దాలు తీశాడు.

"ఒకటి దగ్గర ఉండాల్సిన మీ క్రియాటినిన్ రెండు దాటిందమ్మా."

"కసరత్తు వల్లేమో సార్" అన్నాడు అవినాష్.

రామూర్తికి ఇంకో పరీక్ష ఉందని మాత్రం చెప్పి, పదిహేను రోజులు మోకు ముట్టకుండా ఉండి మళ్లీ వెళ్లారు. అదే నంబరు.

"ఇవ్వడం కుదరదు. ఇక మీరూ మందులు వాడాలి."

కుసుమ తలూపింది. రైల్లో పలాస దాకా కిటికీ పక్కనే కూర్చున్నా ఏమీ కనపడలేదు.

గుమ్మంలోనే ఎదురొచ్చాడు రామూర్తి. "ఏటన్నాడే డాక్టరు? ఎప్పుడంట?"

అబద్ధం ఆడదామనుకుంది. ఓపిక లేకపోయింది.

"నాకూ వచ్చినాది బావా. నాది పనికిరాదంట."

అయిదు నెలలు ఆ కిడ్నీ కోసమే ఎదురుచూసిన మనిషి. తిడతాడనుకుంది, కూలబడతాడనుకుంది. అతను తన సంగతే ఎత్తలేదు.

"మరి నీకెవులిత్తారే?" అన్నాడు.

అన్నాళ్లకి కుసుమకి ఏడుపొచ్చింది.