బొమ్మ వంగిన రోజు

మనిషిని తెలుసుకోవాలంటే ముందు కాళ్లు చూడాలి. ముఖం అబద్ధమాడుతుంది, నోరు అబద్ధమాడుతుంది, కాలు ఆడదు. ఇరవై రెండేళ్లు చెప్పుల కొట్లో పనిచేసి నేర్చుకున్న విద్య ఇదొక్కటే. ఎవరైనా కాదంటే, వాళ్ల చెప్పులు విప్పించి మరీ రుజువు చేస్తాను.

అలాంటి నాకు మోకాళ్లు మొండికేశాయి. నిలబడి చేసే పని ఇక వద్దంది డాక్టరమ్మ. సరిగ్గా అప్పుడే కొట్టు ఓనరు కొత్త పద్ధతి పెట్టాడు. కౌంటరు మీద ఒక తెర, తెరలో పాతికేళ్ల అమ్మాయి బొమ్మ. నేను మా ఇంట్లో, వంటగది పక్క గదిలో, బల్ల మీది లాప్‌టాప్ ముందు కూర్చుని మాట్లాడితే అక్కడ అది మాట్లాడుతుంది. తల ఊపితే ఊపుతుంది, నవ్వితే నవ్వుతుంది. నా బొంగురు గొంతు అక్కడికి చేరేసరికి తేనె పూసుకుంటుంది. మా ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. రోజూ పొద్దున్నే "మీ అమ్మాయి డ్యూటీ ఎక్కిందా?" అని వేళాకోళం.

అంతా బాగానే ఉంది గానీ, కొట్లో ఆ తెరకున్న కెమెరా మనుషుల ముఖాల ఎత్తులో ఉంది. కాళ్లు కనబడకుండా చెప్పులమ్మడమంటే కళ్లకి గంతలు కట్టుకుని వడ్డించడమే. నేనిచ్చిన జోళ్లలో సగం వెనక్కొచ్చాయి. తెరని కాస్త కిందికి దించమని ఓనరుకి రెండుసార్లు చెప్పాను.

"కంపెనీవాళ్లు పెట్టినట్టే ఉండాలి, ఆపరేటర్ గారూ" అన్నాడు.

ఆపరేటర్ గారట! వాడి మొదటి బూట్లకి లేసు కట్టింది నేను. నెలరోజుల క్రితం దాకా అక్కా అని పిలిచిన నోరే అది. అరికాలి మంట నెత్తికెక్కింది. పైగా శనివారం సాయంత్రం దాకా చూసి, ఇలాగే ఉంటే బొమ్మని తీసేస్తానన్నాడు. బొమ్మ పోతే నేనూ పోయినట్టే. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.

ఆ శనివారం మధ్యాహ్నం ఒక నర్సు వచ్చింది. సన్నటి నల్ల బూట్లు తొడుక్కుని "బాగానే ఉన్నాయండీ" అంది. అంటూనే ఒక కన్ను చిట్లించింది. ఆ చిట్లింపు నాకు తెలుసు, లోపల చిటికెన వేలు నలుగుతోంది.

"ఉండమ్మా, చూస్తాను" అని వంగాను.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నాది కొట్లో వచ్చిన బుద్ధి, అదీ పోలేదు. మా బల్ల కింద మోకాలు ఆనించి ఆమె పాదాల కోసం వెతికాను. నా పాత చెప్పులు తప్ప అక్కడేమీ లేవు. చేసిన పని తెలిసొచ్చేసరికి మోకాలు పట్టేసింది, పైకి లేవలేను.

అక్కడ తెరలో బొమ్మ గభాలున వంగి మాయమైందట. "అమ్మా, బొమ్మ పడిపోయింది!" అని ఎవరో చిన్నపిల్ల కేక పెట్టింది. జనం మూగిన చప్పుడు పైన లాప్‌టాప్‌లోంచి వినబడుతూనే ఉంది. ఇక ఉద్యోగం హుళక్కే అనుకున్నాను.

"ఏమండీ!" అని అరిచాను.

మా ఆయన పరిగెత్తుకొచ్చి లాప్‌టాప్ కెమెరా ముందు తల పెట్టాడు. ఆ యంత్రానికి ఎవరి ముఖం దొరికితే వాళ్లే ఆపరేటరు. కొట్లో పాతికేళ్ల పిల్ల మళ్లీ పైకి లేచి, కనుబొమలు ముడిచి, చెవి గోక్కుంటూ తేనెగొంతుతో అంది: "కంగారు పడకండి. మా ఆవిడ బల్ల కింద ఇరుక్కుంది. ఎక్కడివాళ్లక్కడ ఉండండి, తోసుకోకండి!"

కొట్టంతా గొల్లుమంది. నర్సు నవ్వాపుకోలేక అడిగింది: "కిందేం చేస్తున్నారండీ ఆవిడ?"

"మీ కాళ్లు చూద్దామని వెళ్లిందమ్మా."

నర్సు నవ్వు ఆగిపోయింది. బూట్లు విప్పి, కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు కాళ్లూ ఎత్తి కౌంటరు అంచున పెట్టింది. "ఇదిగో, చూడమనండి."

మా ఆయన నన్ను పట్టి లేపి కుర్చీలో కూలేశాడు. నా తెర నిండా పాదాలు! నాకు ప్రాణం లేచొచ్చింది.

"కుడికాలు ఎడమదానికన్నా కాస్త పెద్దదమ్మా. పొద్దంతా ఆస్పత్రిలో నిలబడితే ఇంకా ఉబ్బుతుంది. ఆ సన్నవి తీసెయ్. మూడో అరలో అడుగున, ముందు వెడల్పుగా ఉన్నవి, ఒక సైజు పెద్దవి తీసుకో."

తొడుక్కుని కొట్లో రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో చిన్న గెంతు కూడా వేసింది. ఇంక మిగతావాళ్లు ఆగితేనా! ఒకరి తర్వాత ఒకరు కాళ్లెత్తి పెట్టడమే. ఆనెలు కాసినవి, పగిలిన మడమలు, చదును పాదాలు. ఎన్నాళ్లయిందో వాటిని చూసి! సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో ఓనరు ముఖం అడ్డం వచ్చింది. మూతి బిగించి ఉన్నాడు. చెయ్యి చాచి వైరు పీకేశాడు. తెర నల్లబడింది.

"మీ బస్సు మాటలే నా కొంప ముంచాయి!" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. పాపం, నా మోకాలికి మందు రాస్తూ కూర్చున్నాడు.

పది నిమిషాలకి నా తెర మళ్లీ వెలిగింది. ముఖాల్లేవు. నేల, చెప్పుల వరసలు, వాటి మధ్య సాక్సులేసుకున్న రెండు కాళ్లు. కొట్లో తెరని కౌంటరు మీంచి దించి నేల మీద పెట్టాడు. ఆ కాళ్లెవరివో నాకు తెలీదా?

"ఇప్పుడు కనబడుతున్నాయా, అక్కా?"

లాప్‌టాప్ దగ్గరికి ముఖం జరిపి చూశాను.

"కనబడుతున్నాయి గానీ, కుడి సాక్సుకి చిల్లుందిరా. ముందది మార్చుకుని రా, కొట్లో జనం ఉన్నారు."