వాలు మీద చెప్పిన మాట

నైట్ డ్యూటీ దిగి వచ్చి యూనిఫాం విప్పకుండానే కొండల మీదికి పట్టుకెళ్లడానికి పులిహోర కలుపుతున్నాను. దానం గారు అద్దం ముందు మఫ్లర్ సర్దుకుంటూ, "నువ్వూ వస్తావా? సరే, వెనకాల కూర్చో. అక్కడ మాత్రం ఆసుపత్రి సుద్దులు చెప్పకు" అన్నారు. ఆయన నా భర్త. 'గారు' అని రాయడం కాన్వెంటు నేర్పిన మర్యాద. అంతకు మించి అందులో ఏమీ లేదు.

సౌదీలోని తబూక్ ఆసుపత్రిలో ఉద్యోగం నాది. బిడ్డను దగ్గర ఉంచుకొని క్వార్టర్స్‌లో కాపురం ఉండాలంటే నర్సుకు మెహ్రమ్, అంటే తోడుగా ఇంటి మగవాడు, ఉండాలన్నారు. ఆయన వీసా నా ఉద్యోగం మీద వచ్చింది. నేను ఊరు దాటాలంటే ఆయన అనుమతి కావలసి వచ్చింది. గల్ఫ్ యుద్ధం వస్తుందనగానే పాపను తీసుకొని ఏలూరు వెళ్లిపోయారు. సైరన్ల మధ్య నేను వార్డులో ఉండిపోయాను. అంతా సద్దుమణిగాక తిరిగొచ్చి, "పిల్లని ఒంటరిగా సాకడం మాటలా?" అని నన్నే దబాయించారు.

ఆ మరుసటి చలికాలం లౌజ్ కొండల మీద మంచు కురిసింది. పులిహోర కలిపిన ఆ ఉదయం, ల్యాబ్‌లో పనిచేసే శామ్యూల్ తన పికప్‌లో మమ్మల్ని తీసుకువెళ్లాడు. దానం గారు పాప షాలినిని భుజాల మీద ఎక్కించుకొని, ఫోటో కోసం ఒక నున్నని వాలు వైపు నడిచారు. పెళ్లికి ముందు నేను కులూ లోయలోని మిషన్ ఆసుపత్రిలో పనిచేశాను. మంచు చరియల కింద నుంచి తవ్వి తీసిన గొర్రెల కాపరుల శవాలను కడిగి, బట్టలు తొడిగిన చేతులివి. గాలి ఎత్తి తెచ్చి కొండ మరుగున పోసిన మంచు చూడటానికి పరుపులా ఉంటుంది. అడుగున గట్టిపడిన పాత పొరను అది పట్టుకోదు. నేను కాలు మోపగానే కింద బోలుగా ధుమ్మని చప్పుడైంది. మడమ దగ్గర మొదలైన పగులు పక్కకు పాకింది.

"పైకి వెళ్లకండి. ఇది జారుతుంది. పాపని దింపండి."

"ఓసోస్, మంచు డాక్టరమ్మ! విన్నావా శామ్యూలూ? మీ వదిన కొండకి కూడా థర్మామీటరు పెట్టేస్తంది."

"ఒక్క ఫోటోయే కదా వదినా" అని శామ్యూల్ నవ్వాడు.

నేను రెండు చేతులా పాపను ఆయన భుజాల మీద నుంచి లాగేశాను.

"పరాయివాడి ముందు పరువు తీశావు. ఇంటికి రా, చెప్తా" అని ఆయన పైకి వెళ్లారు. వెనకే శామ్యూల్.

వాలు మీది మంచు సగానికి విరిగి కిందికి జారింది. దానం గారు పక్కకు పడి మోకాళ్ల వరకే కూరుకుపోయారు. శామ్యూల్ కనిపించలేదు. అతను చివరిసారి కనిపించిన చోటు నుంచి దిగువకు, కెమెరా స్టాండు కాలు గుచ్చుకుంటూ వెతికాను. మెత్తగా తగిలిన చోట పులిహోర గిన్నె మూతతో తవ్వాను. నీలిరంగు తిరిగిన ముఖం దొరికింది. నోట్లోని మంచు తీసి ఊపిరి ఊదాను. అతను దగ్గి, కళ్లు తెరిచాడు. దానం గారు ఊడిపోయిన తన బూటు కోసం వెతుక్కుంటున్నారు.

ఆ శుక్రవారం శామ్యూల్ ఇంట్లో తెరలు దించుకొని, గొంతు తగ్గించి ప్రార్థన చేసుకున్నాం. చర్చిలకు అనుమతి లేని ఆ దేశంలో మా ఆరాధన అలాగే సాగేది. మా కూటంలో దేవుడు చేసిన మేలును లేచి చెప్పే సాక్ష్యం మగవాళ్లది, టీ ఆడవాళ్లది. దానం గారు లేచారు.

"కొండ ఎక్కబోతుంటే ప్రభువు నా చెవిలో చెప్పాడు, 'బిడ్డను దింపు' అని. వెంటనే దింపేశాను. దేవునికి స్తోత్రం!"

అందరూ ఆమెన్ అన్నారు. నా ఊపిరి పీల్చి బతికిన శామ్యూల్ కూడా, చాప వైపు చూస్తూ, అన్నాడు.

వంటింటి గుమ్మంలో షాలిని నా కొంగు పట్టుకుంది. "అమ్మా, నువ్వు లాగావు అనుకున్నానే. నాకే సరిగ్గా గుర్తు లేదేమో కదా?"

నా మాట దొంగిలిస్తే ఎన్నేళ్లయినా సహించేదాన్నేమో. కానీ ఆరేళ్ల బిడ్డ తన కళ్లను తానే అనుమానించడం నేర్చుకుంటోంది. పాప చెయ్యి పట్టుకొని మగవాళ్ల మధ్యకు నడిచాను.

"టీ ఏదీ?" అన్నారు దానం గారు.

"సాక్ష్యం చెప్పడానికి వచ్చాను."

"కూర్చో రూతూ. తర్వాత మాట్లాడుకుందాం."

కూర్చోలేదు. "ఆ రోజు కొండ మీద దేవుడేమీ మాట్లాడలేదు. మాట్లాడింది నేను. ఈయన వినలేదు."