అత్తాకోడళ్ళు నడిచిన దారి

ఆదివారం పొద్దున్న గార్డుగారు ఈల ఊదితే గానీ అడవి గేటు దగ్గర ఎవరూ కదలరు. ఆయన రైలు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గానీ ఈల వదల్లేదు. ఊరి చివర మిగిలిన ఆ కాస్త అడవినైనా కాపాడుకుందామని నలుగుర్ని పోగేసి, వారం వారం ఈ నడక మొదలుపెట్టింది ఆయనే. వచ్చినవాళ్ళ చేతిలో తొడుగులూ, గోనెసంచీ, ఒక కత్తెరా పెడతారు. చెట్లను చుట్టేసి ఊపిరాడనివ్వని పిచ్చితీగను పీకాలి, సీసాలూ ప్లాస్టిక్ కవర్లూ ఏరాలి, నాటిన మొక్కలు బతికాయో లేదో చూడాలి. పిట్ట కనిపిస్తే ఆగి చూడొచ్చు, కేకలు మాత్రం పెట్టకూడదు.

ఉన్నది ఒకటే కాలిబాట. రోడ్డు పక్క గేటులో మొదలై, వాగు మీది చెక్క వంతెన దాటి, అవతలి గేటులో తేలుతుంది. దాని పొడుగు నడిచేవాళ్ళను బట్టి ఉంటుంది. ఈ నడక అప్పుడే అయిపోకూడదు అనుకునే జంటకు అది సాగుతూనే ఉంటుంది. ఎప్పుడు బయటపడదామా అనుకునేవాళ్ళకు రెండు మలుపుల్లో అయిపోతుంది. అటవీశాఖ వాళ్ళు ఒకసారి టేపు పెట్టి కొలిచి బోర్డు రాయించారు. కొలిచిన ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు కావడంతో ఆ అంకె మరీ ఎక్కువగా పడింది. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

గార్డుగారికి మాత్రం ఇది భలే కలిసొచ్చింది. అందర్నీ గుంపుగా తోలకుండా జంటలుగా పంపుతారు. పిచ్చితీగ బాగా ముదిరిన వారం, బళ్ళో కలిసి చదువుకున్న నర్సమ్మనూ పోస్టమ్మనూ జత చేస్తారు. వాళ్ళు పొద్దున్న వెళ్ళి ఎండ నడినెత్తికొచ్చాక, మోయలేనన్ని సంచులతో, గొంతులు బొంగురుపోయి వస్తారు. ఒకసారి కొత్తగా చేరిన భార్యాభర్తలు ఈ గేటులో దూరి వెంటనే ఆ గేటులో తేలారు. చేతిలో సంచీ మడతైనా విప్పలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, చెరో బస్సు ఎక్కి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ ఆయన మొగుడూపెళ్ళాల్ని జత చేసేముందు కాస్త ఆలోచిస్తున్నారు.

ఆ గుంపులో ఒక అత్తగారూ ఒక కోడలూ ఉన్నారు. అత్తగారు పెద్దాసుపత్రి లాండ్రీని రిటైరయ్యేదాకా ఏలిన మనిషి. మడత వంకరపోయిన దుప్పటి కంటపడితే ఆవిడకు ఆ పూట భోజనం సహించదు. కోడలు కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. అత్తగారి రెండు వరసలూ, గార్డుగారి పై వరస, నర్సమ్మ ముందుపళ్ళూ ఆ అమ్మాయి చేసినవే. ఆ గుంపులో సగం నవ్వులు ఆమె చేతి చలవే. అత్తగారి కొడుకు, అంటే ఆ అమ్మాయి భర్త, పోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచీ మేడ మీది రెండు గదుల వాటాలో వాళ్ళిద్దరే ఉంటున్నారు. ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆ ముక్క ఇద్దరిలో ఎవరూ ఏనాడూ పైకి అనలేదు.

ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్క ఆదివారం కూడా జతగా నడవలేదు. "గార్డుగారూ, నన్నూ మా కోడల్నీ కలిపి మాత్రం పంపకండి," అని అత్తగారు మొదట్లోనే చెవిలో వేసింది. పదిమంది ముందూ ఆ దారి రెండు మలుపుల్లో అయిపోతే తల ఎక్కడ పెట్టుకోవాలని ఆవిడ భయం. తర్వాతి వారం కోడలూ వచ్చి అదే మాట అడిగింది. గార్డుగారు ఇద్దరికీ సరేనన్నారు. పెద్దమనిషి కాబట్టి ఒకరి మాట ఇంకొకరికి చేరవేయలేదు. ఆయన చేసిన పొరపాటల్లా అదే.

ఇంతలో కోడలి అన్నయ్య ఫోన్ చేశాడు. తమ ఊళ్ళో పెద్ద ల్యాబులో ఉద్యోగం చూశాననీ, తన ఇంట్లోనే ఒక గది ఖాళీ చేయించాననీ, ఆదివారం కారేసుకుని వస్తాననీ చెప్పాడు. కోడలు ఆ సంగతి అత్తగారికి చెప్పి, ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడింది. ఉండు అని ఒక్క మాటంటే ఉండిపోవాలని ఆమె ఆశ.

"మంచిదేగా, వెళ్ళు," అంది అత్తగారు, రేడియో గొంతు పెంచుతూ.

ఆవిడ బాధంతా గార్డుగారి దగ్గర వెళ్ళగక్కింది. "ఉండమంటే మొహమాటపడి ఉండిపోతుందండీ. చిన్నపిల్ల. నా ముసలితనానికి దాన్ని కాపలా పెట్టుకోనా?" అని కళ్ళొత్తుకుంది. ఇంటికెళ్ళి కోడలి బట్టలన్నీ తనే మడతపెట్టి, సంచుల్లో పొందిగ్గా సర్దింది. అంత శ్రద్ధగా సర్దుతుంటే గుమ్మంలోంచి చూసిన కోడలు, నన్ను సాగనంపడానికి ఈవిడకెంత సరదాగా ఉందో అనుకుని, మొహం కడుక్కునే వంకతో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఇంత ప్రేమ పెట్టుకుని ఇంత అయోమయం ఏమిటో ఆ ఇద్దరినే అడగాలి.

ఆదివారం అన్నయ్య వచ్చాడు, సామాను కారులో వేసుకున్నాడు. ఆఖరిసారి నడిచి వస్తామంటే సరేనని అవతలి గేటు దగ్గర కారు ఆపుకుని కూర్చున్నాడు. వీళ్ళు ఇవతలి గేటుకు చేరేసరికి గార్డుగారు తప్ప ఎవరూ లేరు. ఆయన కావాలనే అందర్నీ ముందే పంపేశారు.

"మాతో నడవడానికి ఇంకెవరూ లేరా?" అంది అత్తగారు, అటూ ఇటూ చూస్తూ.

"ఎక్కడమ్మా, అందరూ వెళ్ళిపోయారు. ఇవాళ మీ ఇద్దరే జత," అని, మళ్ళీ మాట్లాడనివ్వకుండా గట్టిగా ఈల ఊదేశారు.

ఇద్దరూ గుండె చిక్కబట్టుకుని లోపలికి వెళ్ళారు. తీగ పీకుతూ, కవర్లు ఏరుతూ నడిచారు. ఆ మలుపు తిరిగితే గేటు వస్తుందని భయం, తిరిగితే ఇంకో మలుపు. వంతెన దాటారు. కాసేపటికి మళ్ళీ వంతెన వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ.

"అత్తయ్యా, వంతెన ఒకటే కదా ఉండాలి?" అంది కోడలు ఉండబట్టలేక.

"కొత్తవి కట్టించారేమో," అంది అత్తగారు, సీసా ఏరడానికి వంగి. ఆవిడకు నవ్వొస్తోంది. అది కోడలికి కనపడకూడదు.

సంచులు నిండిపోయాయి. దూరంగా కారు హారన్ వినిపించడం మొదలైంది.

"మీ అన్నయ్యేనే. పాపం, ఎంతసేపని ఎదురుచూస్తాడు? మనం బయటపడాలంటే ఒకటే మార్గం, పోట్లాడుకుందాం."

"సరే, మీరే మొదలెట్టండి."

"పై వరస బిగుతుగా ఉందని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? విన్నావా?"

"మీరు కాస్త తక్కువ మాట్లాడతారని కావాలనే బిగించాను. ఏం లాభం?"

"ఓసి నీ దుంపతెగ! మరి తువ్వాలు ఉండచుట్టి పారేస్తావే, అది మనుషులు చేసే పనేనా?"

"మీరు నా చేతిరుమాళ్ళక్కూడా ఇస్త్రీ చేస్తారు. ల్యాబులో అందరూ నన్ను రాణీగారూ అని పిలుస్తున్నారు తెలుసా?"

అత్తగారు నడుం పట్టుకుని నవ్వింది. కోడలికి నవ్వీ నవ్వీ కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. ఎదురుగా దారి ఇంకా సాగి, ఎన్నడూ చూడని ఒక పచ్చిక మైదానం కూడా వచ్చింది. అందులో నెమళ్ళు తిరుగుతున్నాయి. పోట్లాట పనిచేయలేదని ఇద్దరికీ అర్థమైంది.

ఈలోగా అన్నయ్య ఓపిక నశించి, చెల్లెల్ని వెతకడానికి అవతలి గేటులో దూరాడు. పది అంగలు వేశాడో లేదో ఇవతలి గేటులో గార్డుగారి ఎదుట తేలాడు. రోడ్డు మీదుగా అవతలి గేటుకు చుట్టూ తిరిగి వెళ్ళి, చెమటలు కక్కుతూ మళ్ళీ దూరాడు, మళ్ళీ అక్కడే తేలాడు.

"ఇంత చిన్న దారిలో మనుషులు ఎలా తప్పిపోతారండీ?" అన్నాడు ఉక్రోషంగా.

"తొందరలో ఉన్నవాళ్ళకు అంతే బాబూ. కూర్చోండి," అని గార్డుగారు మంచినీళ్ళిచ్చారు.

లోపల అత్తగారు ఒక దుంగ మీద చతికిలబడింది. కాసేపు తన తొడుగులు విప్పి మడతపెట్టింది, మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"వెళ్ళకే," అంది నేల చూస్తూ.

"ఏంటీ?"

"వినిపించిందిగా. మళ్ళీ అనను."

"మళ్ళీ అనండి అత్తయ్యా."

"నువ్వు వెళితే నాకు బాగుండదు. వెళ్ళకు." ఆవిడ ముక్కు చీదుకుంది. "అడిగితే జాలిపడి ఉండిపోతావని అడగలేదు."

"నేను ఉంటే మీకు బరువేమోనని నేను అడగలేదు. రేడియో పెంచారుగా!"

"ఏడుపు వినిపించకూడదని పెంచానే పిచ్చిదానా."

కోడలు పక్కన కూర్చుని ఆవిడ భుజం మీద తల పెట్టేసింది. ఇద్దరూ అలా ఎంతసేపున్నారో వాళ్ళకే తెలీదు. చివరికి అత్తగారు, "లే, ఆకలేస్తోంది. ఇంటికి పోదాం," అంది. ఆ మాట కోడలికీ అప్పుడే నోటిదాకా వచ్చింది. ఇద్దరూ లేచి తలెత్తితే అవతలి గేటు ఎదురుగానే ఉంది.

అన్నయ్య అప్పటికి మళ్ళీ చుట్టూ తిరిగొచ్చి కారుకు జారగిలబడి ఉన్నాడు. చెల్లెలు నేరుగా వెళ్ళి కారు డిక్కీ తెరిచింది.

"సామాను దింపు అన్నయ్యా. నేను రావట్లేదు."

"ఏమైంది? ఆవిడేమన్నా అందా?"

"అంది."

"ఏమంది?"

"ఉండమంది," అంది చెల్లెలు. ఆ మాటంటుంటే ఆమె మొహం వెలిగిపోయింది. భర్త పోయాక ఆ మొహంలో అంత వెలుగు అన్నయ్య చూడలేదు. ఇంత దూరం వచ్చింది ఉత్తినే అయిందని గొణిగాడు గానీ, ఆ గొణుగుడులో పస లేదు.

"ఉత్తినే ఎందుకవుతుంది నాయనా? సామాను మేడెక్కించి, మాతో భోంచేసి వెళ్దువుగాని," అంది అత్తగారు.

ఇంటి దగ్గర కారు ఆగాక, చిన్న సంచులు అన్నయ్యా, కోడలూ తలా రెండు పట్టుకుని మెట్లెక్కారు. అన్నిటికంటే పెద్దదైన బట్టల సంచీని మాత్రం అత్తగారు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మెట్టు మెట్టుకూ ఆయాసపడుతూ, రెండు చేతులా గుండెలకు హత్తుకుని, పైదాకా తనే మోసింది.