యారీనా బల్ల మీద దీపం

మా డీన్‌కు నేలమాళిగ అన్న మాట గిట్టదు. భూగర్భ విద్యా సమావేశ కేంద్రం అనాలట. నేను నేలమాళిగ అనే అన్నాను. పైకప్పు నిండా గొట్టాలు, మూలల్లో చెమ్మ, కాస్త పొడుగు మనిషి చెయ్యెత్తితే వేళ్లకు సున్నం అంటుకునే చోటుకు అంత పేరు ఎందుకు? పైనున్న మా అసలు భవనానికి ఒక పక్క గోడ లేదు. యుద్ధం వచ్చాక ఖార్కివ్‌లో చదువులు భూమి కిందికి దిగి చాలాకాలమైంది కనుక ఇది ఎవరికీ వింతగా అనిపించలేదు.

ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఆ నేలమాళిగను తీర్చిదిద్దే పని నా నెత్తిన పడింది. రాలేని పిల్లలు ఇళ్లనుంచి ఆన్‌లైన్‌లో చేరే చోటు మాత్రం దెమ్యాన్‌ది. మా దగ్గరే చదివి, మా దగ్గరే మాస్టారైన కుర్రాడు. కూలిపోయిన మా అయిదో అంతస్తు డ్రాయింగ్ హాలును కంప్యూటర్ తెరమీద మళ్లీ కట్టాడు. అవే పెద్ద కిటికీలు, అదే చెక్క నేల. ఒక్కొక్కరికి ఒక బల్ల, బల్ల మీద దీపం. పిల్లవాడు చేరితే దీపం వెలుగుతుంది, వెళ్లిపోతే ఆరుతుంది. ఇంట్లోవాళ్లు కావాలంటే తమ ఫోన్లోంచి హాలు గుమ్మం దాకా వచ్చి తొంగిచూడొచ్చు. పాఠం మొదట్లో ఇక్కడి మాస్టర్లందరూ అడిగేదే నేనూ అడుగుతాను: "వినబడుతోందా? ప్లస్ పెట్టండి." తెర పక్కన వరసగా ప్లస్ గుర్తులు పడతాయి. అప్పుడు మొదలుపెడతాను.

యారీనా మూడో ఏడాది పిల్ల. నేలమాళిగలో బెంచీల నమూనా తనే గీసింది, నాతో పోట్లాడి మరీ.

"మేడమ్, వరసగా వేస్తే చర్చిలో కూర్చున్నట్టుంటుంది. గుండ్రంగా వేద్దాం."

"గుండ్రంగా వేస్తే సగంమంది వీపు తలుపు వైపు పెట్టాలి. బయట సైరన్లు మోగుతుంటే అలా ఎవరు కూర్చుంటారే?"

"ఎదురుగా ఉన్నవాళ్లు చూస్తారుగా మేడమ్! ఒకళ్ల వీపు ఇంకొకళ్లు కాచుకోవాలనే గుండ్రం."

విసుక్కున్నాను, సంతకం పెట్టాను. ఆ పిల్లంటే నాకు ఇష్టం. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

దీపాల సంగతిలోనూ ఆమె మాటే నెగ్గింది. ఆ చలికాలం కరెంటు ఇష్టమొచ్చినట్టు పోయేది. ఎవరింట్లో కరెంటు పోతే వాళ్ల దీపం టప్పున ఆరేది. వెంటనే మిగతావాళ్లందరూ పాఠం వదిలేసి వాళ్లకు ఫోన్లు. గుండెలు అరచేతిలో పెట్టుకుని చదువెలా సాగుతుంది? అందుకని దెమ్యాన్ ఒక ఏర్పాటు చేశాడు. పిల్లవాడు తనంతట తను క్లాసులోంచి బయటికి వెళ్తే తప్ప దీపం ఆరదు. కరెంటు పోయినా పాఠం అయ్యేదాకా వెలుగుతూనే ఉంటుంది. మొదట సగం వెలుగు పెడదామనుకున్నాడు.

"సగం వెలుగు ఇంకా దడ పుట్టిస్తుంది" అంది యారీనా. "నిండుగానే ఉంచండి సార్. ఎవరూ భయపడకూడదు."

అందరికీ నచ్చింది. మళ్లీ పాఠాలు సాఫీగా నడిచాయి. డీన్ ఎక్కడికి వెళ్లినా ఆ హాలు గురించి చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం నేను నేలమాళిగలోనే కూర్చుని పాఠం చెబుతున్నాను. కొత్త బెంచీలకు వేసిన రంగు ఇంకా తడిగానే ఉంది. పిల్లలందరూ తెరమీదే ఉన్నారు. పాఠం మధ్యలో పైన ఎక్కడో గట్టిగా పేలింది. తర్వాత ఇంకోటి. గొట్టాల మీది సున్నం నా కాగితాల మీద రాలింది.

"అందరూ ఉన్నారా? ప్లస్ పెట్టండి."

ప్లస్‌లు పడ్డాయి. యారీనాది పడలేదు. ఆమె బల్ల మీద దీపం మాత్రం నిండుగా వెలుగుతోంది.

"యారీనా వాళ్లుండే సాల్తివ్కాలో కరెంటు పోయింది మేడమ్" అన్నాడు ఒస్తాప్. నోరు మూసుకోవడం రాని పిల్లవాడు. "మా యారీనా ఈపాటికి చీకట్లో చాక్లెట్లు తింటూ ఉంటుంది. అదృష్టవంతురాలు!"

నవ్వారు. నేనూ నవ్వాను. పాఠం పూర్తిచేశాను.

సాయంత్రం చీకటి పడ్డాక ఆమెను వాళ్లింటి శిథిలాల్లోంచి తీశారు.

తొమ్మిదో రోజున వాళ్లమ్మ స్తెఫానియా నేలమాళిగకు వచ్చింది. రొట్టెల బట్టీలో పనిచేసే మనిషి. పోయినవాళ్ల పేరు మీద పంచాలని సంచినిండా బన్నులు, మిఠాయిలు తెచ్చింది. నేను, దెమ్యాన్ మాత్రమే ఉన్నాం. చెరో బన్ను చేతిలో పెట్టి, గుండ్రంగా వేసిన బెంచీలను ఒక్కొక్కటే తడిమి చూసింది.

"ఇవేనా అది గీసినవి?"

"ఇవేనమ్మా."

"ఆ పొద్దున వీటిని చూడ్డానికే వస్తానంది. క్లాసు కూడా ఇక్కడినుంచే వింటానంది. ఇక్కడ జనరేటరు ఉందిగా." ఒక బెంచీ మీద కూర్చుంది. "మేడమ్, నాకొక్క సంగతి చెప్పండి. అది ఇక్కడినుంచి ఎప్పుడు వెళ్లింది?"

నాకు అర్థం కాలేదు. యారీనా ఆ రోజు ఇక్కడికి రానేలేదు. సైరన్ మోగి ట్రాములు ఆగిపోతే ఇంట్లోనే ఉండి క్లాసులో చేరింది.

"బాంబులు పడ్డప్పుడు నేను బట్టీలో ఉన్నా" అందామె. "చేతులకు పిండి. ఎలాగో ఫోన్ తెరిచి మీ హాలు గుమ్మంలోంచి చూశా. దాని దీపం వెలుగుతోంది. మా వీధిలో కరెంటు లేదని అప్పటికే తెలిసింది. కరెంటు లేనిచోట దీపం ఎలా వెలుగుతుంది? అంటే ఇక్కడే ఉందన్నమాట, భూమి కింద, మీ దగ్గర. క్లాసులో ఫోన్ చేస్తే నా మీద విరుచుకుపడుతుంది, అందుకని చెయ్యలేదు. ఇంతలో కిందింటి ముసలాయన ఫోన్. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా, సహాయంవాళ్లు అడుగుతున్నారని. ఎవరూ లేరు, మా పిల్ల కాలేజీలో ఉందని చెప్పా. వాళ్లు మా ఇంటివైపు వెతక్కుండా అవతలి వాటావైపు వెళ్లారు." సంచిని ఒళ్లోకి లాక్కుంది. "మిగిలిన గోడలు సాయంత్రం దాకా కూలుతూనే ఉన్నాయట. మరి అది ఇక్కడినుంచి ఎప్పుడు ఇంటికి వెళ్లిందో, ఎందుకు వెళ్లిందో నాకు తెలియాలి. ముందే తీసినా ఒకటేనన్నాడు డాక్టరు. నా మొహం చూడకుండా చెప్పాడు."

అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. పాఠం అయ్యాక వెళ్లిందమ్మా అంటే చాలు, ఆ మనిషి తన మీద తను నేరం వేసుకోకుండా ఇంటికి పోతుంది. దెమ్యాన్ కూడా ఏమీ వినకుండా బతికిపోతాడు. నోరు తెరిచాను.

"తను రాలేదండీ" అన్నాడు దెమ్యాన్. "ఇంట్లోనే ఉంది. కరెంటు పోయినా దీపం ఆరకుండా నేనే చేశాను. అది ఉత్త బొమ్మ. దాన్ని నమ్మి మీరు..."

ఆమె లేచి అతని దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఎందుకలా చేశావు బాబూ?"

"ఎవరూ భయపడకూడదని."

ఆమె తలూపింది. సంచిలో మిగిలిన మిఠాయిలను సర్దుకుంది, దాని మూతికి ముడి వేసింది.

"నేను భయపడలేదు" అంది. "సాయంత్రం దాకా రొట్టెలు కాల్చా. పాట కూడా పాడుకున్నా."

మెట్లెక్కి వెళ్లిపోయింది. దెమ్యాన్ బన్నును చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. యారీనా కోరిందనే ఆ దీపం నిండుగా వెలిగిందని ఆమెకు అతను చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ వారమే అతను ఏర్పాటు మార్చేశాడు. ఇప్పుడు కరెంటు పోయిన క్షణంలో దీపం ఆరిపోతుంది. ఆరగానే పాఠం ఆగుతుంది. గుండ్రంగా కూర్చున్నవాళ్లు, తెరమీద ఉన్నవాళ్లు, అందరూ ఫోన్లు అందుకుంటారు. మనిషి గొంతు వినేదాకా ఎవరూ పుస్తకం ముట్టరు. ఒస్తాప్ అందరికంటే ముందు ఫోన్ తీస్తాడు, జోకులు వెయ్యడు. ఒక్కోరోజు దీపాలన్నీ ఒకేసారి ఆరిపోతాయి. అప్పుడు చీకటి హాలును చూస్తూ, ఎవరూ వినకపోయినా, ప్లస్ పెట్టండి ప్లస్ పెట్టండి అంటూనే ఉంటాను.

ఇలాగైతే సగం పాఠాలు పోతున్నాయని డీన్ నామీద కేకలేశాడు.

"పోనివ్వండి" అన్నాను.